వయసు అడగరు, సీసీ అడుగుతారు: కుర్రాళ్ల బైకు బీమా భారం ఎక్కడ మొదలైంది

350 సీసీ దాకా ఉన్న బైకులపై జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. షోరూం ధర దిగింది. కొటేషన్ కాగితంలో బీమా అన్న వరుస మాత్రం కదల్లేదు, ఎందుకంటే వాహన బీమాపై పన్ను పాత 18 శాతమే. వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమాలకు అదే రోజు నుంచి పన్ను పూర్తిగా ఎత్తేయడంతో ఈ తేడా ఇంకా కొట్టొచ్చినట్టు కనిపించింది. దానికి తోడు థర్డ్ పార్టీ బీమా, అంటే మన బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి పరిహారం ఇచ్చే బీమా ప్రీమియం పెంచాలన్న మాట మళ్లీ బయటికొచ్చింది. పద్దెనిమిది నిండి, లైసెన్స్ చేతికొచ్చి, మొదటి బైకు కోసం తిరుగుతున్న పిల్లలు అడిగేది ఒకటే: కుర్రాళ్లమనే మా దగ్గర ఇంత వసూలు చేస్తున్నారా?

చట్టప్రకారం తప్పనిసరైన థర్డ్ పార్టీ బీమా రేట్లలో వయసు ప్రస్తావనే లేదు. బ్రిటన్‌లో అయితే కంపెనీ ముందుగా అడిగే ప్రశ్నల్లో నడిపేవాడి వయసు, లైసెన్స్ వచ్చి ఎన్నేళ్లయిందన్నది ఉంటాయి. మన దగ్గర చూసేది ఇంజన్ ఎన్ని సీసీ అన్నది. పంతొమ్మిదేళ్ల కొత్త కుర్రాడూ, ముప్పై ఏళ్లుగా బండి నడుపుతున్న యాభై ఏళ్ల మనిషీ ఒకే బైకు కొంటే కట్టే థర్డ్ పార్టీ ప్రీమియం ఒకటే. అయినా భారం ఎక్కువగా పడుతున్నది కుర్రాళ్ల మీదే.

థర్డ్ పార్టీ బీమా లేకుండా బండి రోడ్డెక్కించకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్ చెబుతుంది. ఇప్పటి గొడవ అర్థం కావాలంటే చూడాల్సిన తేదీ 2018 జులై 20.

కోయంబత్తూరుకు చెందిన ఎముకల వైద్యుడు డాక్టర్ ఎస్. రాజశేఖరన్ రోడ్డు ప్రమాదాల మీద 2012లో సుప్రీంకోర్టులో వ్యాజ్యం వేశారు. అందులో రిటైర్డ్ జడ్జి జస్టిస్ కె.ఎస్. రాధాకృష్ణన్ నేతృత్వంలో కమిటీ ఏర్పడింది. రోడ్లమీద 18 కోట్ల వాహనాలు తిరుగుతుంటే థర్డ్ పార్టీ బీమా ఉన్నవి ఆరు కోట్లేనన్న లెక్క కోర్టు ముందుకు వచ్చింది. కొన్న ఏడాది బీమా ఉంటుంది, రెండో ఏడాది నుంచి చాలామంది కట్టరు, టూవీలర్లలో ఇది మరీ ఎక్కువ. అందుకని కొత్త టూవీలర్‌కు ఐదేళ్ల థర్డ్ పార్టీ బీమా, కొత్త కారుకు మూడేళ్లది మొదట్లోనే తీసుకోవాలని జస్టిస్ మదన్ బి. లోకూర్, జస్టిస్ దీపక్ గుప్తా ధర్మాసనం ఆదేశించింది. బీమా కంపెనీలు గడువు కోరినా కోర్టు ఆగలేదు. సెప్టెంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది.

ఆ ఉత్తర్వు ఉద్దేశాన్ని తప్పుపట్టడానికి లేదు. బీమా లేని బైకు నడిచిపోయే మనిషిని గుద్దిందనుకోండి. ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్ పది లక్షలు ఇమ్మంటుంది. ఇవ్వాల్సింది బండి యజమాని. అతని దగ్గర ఆ బండి తప్ప మరేమీ ఉండదు. తీర్పు కాగితం పట్టుకుని బాధితుడి భార్య ఏళ్ల తరబడి తిరగాల్సిందే. ఈ పరిస్థితి తప్పించాలని కోర్టు అనుకుంది, అది న్యాయం.

చిక్కు ధర దగ్గర వచ్చింది. అప్పటిదాకా ఏడాదికోసారి కట్టే మొత్తం ఒక్కసారిగా ఆన్ రోడ్ ధరలోకి చేరిపోయింది. జీతం ఉన్నవాడికి అది కాస్త ఇబ్బంది. డౌన్ పేమెంట్ కోసమే అప్పు చేసే కుర్రాడికి పెద్ద దెబ్బ. ఆ ఐదేళ్ల రేట్లు ఎలా వేశారో చూస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. 2018 రేట్ల ప్రకారం 75 సీసీ దాటి 150 లోపు బైకుకు ఏడాది థర్డ్ పార్టీ ప్రీమియం రూ.720. ఐదేళ్లకు రూ.3,600 కావాలి, ఐదేళ్ల పాలసీకి పెట్టింది రూ.3,285. అంటే తగ్గింపు ఇచ్చారు. 150 దాటి 350 లోపు బైకుకు ఏడాదికి రూ.985, ఐదేళ్లకు రూ.4,925. కానీ పెట్టింది రూ.5,453. 350 దాటితే రూ.11,615 బదులు రూ.13,034. ఇంటి పనులకు వాడే బండికి రాయితీ, కుర్రాళ్లు కోరుకునే బండికి అదనం. వయసు అన్న మాట ఎక్కడా రాయకుండానే భారం ఆ వయసు మీదకే వెళ్లింది.

ఆ తర్వాత ఈ తేడా పెరుగుతూనే వచ్చింది. కోవిడ్ వల్ల రెండేళ్లు రేట్లు కదలకపోయినా, 2022 జూన్ 1 నుంచి కేంద్ర రవాణా శాఖ ప్రకటించిన రేట్లలో 75–150 సీసీకి ఏడాది ప్రీమియం రూ.714 అయింది. 2018 కంటే ఆరు రూపాయలు తక్కువ. 150–350 సీసీకి మాత్రం రూ.1,366, అంటే నాలుగేళ్లలో దాదాపు 39 శాతం ఎక్కువ. కొత్త బండికి ఐదేళ్ల మొత్తం మొదటి రకానికి రూ.3,851, రెండో రకానికి రూ.7,365. 18 శాతం పన్ను కలిపితే రూ.4,544, రూ.8,691. ఇందులో సొంత బండి దెబ్బతింటే ఇచ్చే ఓన్ డ్యామేజ్ భాగం లేదు.

ఈ 150 సీసీ గీత ఎంత పలచనో ఒక బండి చూస్తే తెలుస్తుంది. యమహా ఆర్15 మొదటి రెండు తరాల్లో 149 సీసీ. 2018లో వచ్చిన మూడో తరం 155 సీసీ. ఆరు సీసీల తేడాతో బండి పై గడిలోకి వెళ్లిపోయింది. 349 సీసీ రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ కట్టేదీ అదే రూ.7,365. మరి 155 సీసీ బైకు నడిపే కుర్రాడు ఎంత జాగ్రత్తగా నడిపినా ఈ గడిలోంచి కిందికి రాలేడు. క్లెయిమ్ చేయనివాళ్లకు 20 శాతంతో మొదలై 50 శాతం దాకా వచ్చే నో క్లెయిమ్ బోనస్ ఓన్ డ్యామేజ్‌కే వర్తిస్తుంది, థర్డ్ పార్టీకి కాదు.

ఉత్తర్వు వచ్చిన కొన్ని వారాలకే మరో వరుస కొటేషన్‌లో చేరింది. యజమానే నడుపుతూ ప్రమాదానికి గురైతే ఇచ్చే తప్పనిసరి వ్యక్తిగత ప్రమాద బీమా టూవీలర్లకు లక్ష రూపాయలే ఉండేది, ప్రీమియం రూ.50. 2018 సెప్టెంబర్‌లో దాన్ని రూ.15 లక్షలకు పెంచి ప్రీమియం రూ.750 చేశారు. మొత్తం పెరగడం మంచిదే, లక్ష రూపాయలు ఏ కుటుంబానికీ సరిపోవు. అయితే ఇది వర్తించేది ఆర్‌సీలో పేరున్న యజమానికి, అదీ లైసెన్స్ ఉంటే. మన ఇళ్లలో కొడుకు నడిపే బండి తండ్రి పేరు మీద ఉండటం మామూలు. ఆ బండి మీద కొడుకుకు ఏమైనా అయితే ఈ రూ.15 లక్షలు రావు. అరువు బండి నడిపినవాడు యజమాని స్థానంలోకే వస్తాడని, తప్పెవరిదో నిరూపించకుండానే పరిహారం ఇచ్చే, చట్టంలో అప్పుడున్న 163ఎ సెక్షన్ కింద పరిహారం అడగలేడని 2009లో నింగమ్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇంట్లో కుర్రాడు బండి నడుపుతుంటే ఇవాళే ఆర్‌సీ తీసి ఎవరి పేరుందో చూడండి. అవసరమైతే వాడి పేరున విడిగా ప్రమాద బీమా తీసుకోండి.

కంపెనీల వాదన కొత్తది కాదు. 2007 జనవరి 1 నుంచి ఓన్ డ్యామేజ్ ధరలు తమకు వదిలేసినా థర్డ్ పార్టీ ధర ప్రభుత్వం చేతిలోనే ఉందని, మనిషి ప్రాణానికి, గాయానికి ఇచ్చే పరిహారానికి పైపరిమితి లేదని, క్లెయిమ్‌లు ఎక్కడ ఎక్కువ వస్తే అక్కడ రేటు పెరగక తప్పదని అంటాయి. 2022లో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన 1,68,491 మందిలో 44.5 శాతం టూవీలర్ల మీద వెళ్లినవాళ్లే కాబట్టి ఈ మాటను కొట్టిపారేయలేం. కానీ ప్రమాదం నడిపేవాడిలో ఉంటే రేటు ఇంజన్‌కి ఎందుకు కట్టాలన్న దానికి ఇందులో జవాబు లేదు.

జవాబు దొరికే అవకాశం ఒకసారి వచ్చింది. 2021 జనవరిలో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నియమించిన కార్యాచరణ బృందం ఒక ప్రతిపాదన చేసింది. ట్రాఫిక్ ఉల్లంఘనలకు పాయింట్లు వేసి, ఆ పాయింట్లను బట్టి ప్రీమియంలో ఒక భాగం పెంచాలని, ఢిల్లీ ఎన్‌సీఆర్‌లో ముందుగా ప్రయోగించి చూడాలని. తాగి నడిపితే 100 పాయింట్లు, తప్పు చోట పార్కింగ్‌కు 10. పంతొమ్మిదేళ్లవాడైనా చలానా లేకుండా నడిపితే అదనం పడదు, యాభై ఏళ్లవాడైనా తాగి నడిపితే పడుతుంది. ఈ మొత్తం కథలో కుర్రాళ్లకు అనుకూలంగా ఉన్న ఆలోచన అదే. దేశమంతా అమలయ్యే దాకా అది వెళ్లలేదు. 2022 జులైలో నడిపే తీరును బట్టి ప్రీమియం ఉండే యాడ్ ఆన్‌లకు (పాలసీకి అదనంగా జోడించుకునేవి) అనుమతి వచ్చింది, అదీ ఓన్ డ్యామేజ్ వరకే.

ఐదేళ్ల పద్ధతిని సడలించడం కొత్త విషయమూ కాదు. అదే 2018లో ఓన్ డ్యామేజ్‌నూ కలిపి ఐదేళ్లకు అమ్మడం మొదలైంది. కొనేవాళ్లకు భారమవుతోందని, అప్పుతో ముడిపెట్టి అంటగట్టే ప్రమాదం ఉందని కారణాలు చెప్పి 2020 ఆగస్టు 1 నుంచి ఐఆర్‌డీఏఐ ఆ దీర్ఘకాల ప్యాకేజీని ఆపేసింది. థర్డ్ పార్టీకీ అవే కారణాలు సరిపోతాయి, కానీ అది కోర్టు ఉత్తర్వు కాబట్టి అలాగే ఉండిపోయింది. ఐదేళ్ల రక్షణ ఉంచుతూనే డబ్బు మాత్రం ఏడాదికోసారి కట్టే వీలు ఇస్తే బాధితుడికీ నష్టం లేదు, కుర్రాడికీ ఊపిరి ఆడుతుంది. ఆ మార్పు కోసం ప్రభుత్వం కోర్టునే అడగాలి.

ఇంకో పక్క, 2018 సెప్టెంబర్‌లో కొన్న బండ్ల ఐదేళ్ల బీమా 2023లోనే ముగిసింది. ఆ బండ్లు ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో చేతులు మారుతున్నాయి, కొనేవాళ్లలో కాలేజీ పిల్లలూ ఉంటారు. కోర్టు ఉత్తర్వు కొత్త బండ్లకే కాబట్టి వీటికి ఐదేళ్లది అక్కర్లేదు, ఏడాది పాలసీ తీసుకున్నా చాలు. లేకుండా పట్టుబడితే మొదటిసారి రూ.2,000, మరోసారి రూ.4,000 జరిమానా. 2022 రేట్ల ప్రకారం 155 సీసీ బండికి ఏడాది థర్డ్ పార్టీ ప్రీమియం పన్నుతో కలిపి రూ.1,612.