కేబుల్ వైరు మీది ‘ఆర్‌జీ-6’ అచ్చు వెనుక ఏముంది?

ఎలక్ట్రికల్ దుకాణంలో టీవీకి కేబుల్ వైరు కావాలంటే రెండు మూడు చుట్టలు తీసి బల్ల మీద పెడతారు. అన్నింటి తొడుగు మీదా ‘ఆర్‌జీ-6’ అనే అచ్చు ఉంటుంది. ధరలు మాత్రం వేరు. కొసలు ఒలిచి చూస్తే లోపలి సరుకు కూడా వేరే. ఒకదాని నడిమి తీగ అచ్చమైన రాగి, మరోదానిది రాగి పూత పూసిన ఉక్కు. ఒకదానిలో లోహపు అల్లిక ఒత్తుగా ఉంటుంది, మరోదానిలో పోగులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఆ అచ్చును నాణ్యతకు హామీగా భావించి కొనేవారే ఎక్కువ. అది హామీ కాదు. ఎందుకు కాదో, ఇంట్లోని ఏ పనికి ఏ వైరు పనికొస్తుందో తెలుసుకోవాలంటే ఈ తీగ ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి.

దీనికి కోయాక్సియల్ కేబుల్ అని పేరు. నడుమ ఒక తీగ, దాని చుట్టూ విద్యుత్తును పోనివ్వని పదార్థం, దాని చుట్టూ గొట్టంలా లోహపు పొర, అన్నింటి పైన తొడుగు. సిగ్నల్ ఆ రెండు లోహాల మధ్యనే ప్రయాణిస్తుంది. బయటి అలజడి లోపలికి రాదు, లోపలిది బయటికి పోదు. పక్కపక్కనే సాగే టెలిగ్రాఫ్ తీగలు ఒకదాని సందేశాన్ని మరొకటి పాడుచేసే కాలంలో, 1880లో, ఆలివర్ హెవీసైడ్ ఇంగ్లండ్‌లో ఈ అమరికకు పేటెంట్ తీసుకున్నాడు. అది పెద్ద ఎత్తున అక్కరకు రావడానికి మరో అర్ధ శతాబ్దం పట్టింది. 1929లో అమెరికాలో ఏటీ అండ్ టీ అనే టెలిఫోన్ కంపెనీ ఇంజినీర్లు లాయిడ్ ఎస్పెన్‌షీడ్, హెర్మన్ ఆఫెల్ ఒకే తీగలో ఎన్నో టెలిఫోన్ సంభాషణలను, టెలివిజన్ బొమ్మనూ పంపే ఆధునిక కోయాక్సియల్ కేబుల్‌ను రూపొందించారు. 1936లో న్యూయార్క్, ఫిలడెల్ఫియా నగరాల మధ్య అలాంటి లైను వేసి పరీక్షించారు.

ఇప్పటికీ మన టీవీ వెనుక కనిపించే ‘75 ఓమ్’ అనే అంకె ఆనాటి లెక్కల నుంచి పుట్టిందే. గొట్టం లోపలి వ్యాసాన్ని నడిమి తీగ వ్యాసంతో భాగిస్తే 3.6 వచ్చేలా తయారుచేసిన కేబుల్‌లో సిగ్నల్ అతి తక్కువగా నష్టపోతుంది. మధ్యలో గాలి మాత్రమే ఉంటే అప్పుడు దాని ఇంపీడెన్స్, అంటే సాగే సిగ్నల్‌కు కేబుల్ చూపే ఒక రకం నిరోధం, సుమారు 77 ఓమ్‌లు. సగం తరంగదైర్ఘ్యం పొడవున్న మామూలు డైపోల్ యాంటెన్నాది, అంటే రెండు కడ్డీలను ఎదురెదురుగా అమర్చినదానిది, సుమారు 73. రెండూ దగ్గరదగ్గరగా ఉండటంతో టీవీ ప్రపంచం 75 దగ్గర స్థిరపడింది. రేడియో ప్రసార యంత్రాలకు వాడే కేబుల్ 50 ఓమ్‌లది. అక్కడ నష్టం తగ్గించడంతో పాటు ఎక్కువ శక్తిని తట్టుకోవడమూ ముఖ్యం కాబట్టి మధ్యే మార్గం ఎంచుకున్నారు. చూడటానికి ఒకేలా ఉంటాయని 50 ఓమ్ వైరును టీవీకి తగిలిస్తే, కలిసే చోట సిగ్నల్‌లో కొంత వెనక్కి తిరుగుతుంది.

‘ఆర్‌జీ’ మాత్రం యుద్ధం ఇచ్చిన పేరు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం తాను కొనే రేడియో కేబుళ్లకు ఆర్‌జీ, అంటే రేడియో గైడ్, అని వరుస సంఖ్యలు పెట్టింది. 1933లో బ్రిటన్‌లో ఐసీఐ అనే రసాయనాల కంపెనీ ప్రయోగశాలలో దొరికిన పాలిథిన్ అప్పటికి రాడార్ కేబుళ్ల లోపలి పొరగా మారింది. తేలిక, నీరు పట్టదు, అధిక పౌనఃపున్యాల (ఫ్రీక్వెన్సీల) దగ్గర కూడా సిగ్నల్‌ను పెద్దగా మింగదు. ఆనాడు ఒక్కో ఆర్‌జీ సంఖ్యకు ఒక్కో కచ్చితమైన సైనిక నిర్దేశం ఉండేది. తీగ మందం, అల్లిక, తొడుగు అన్నీ కాగితం మీద రాసి ఉండేవి. యుద్ధం ముగిశాక సంఖ్యలు బజారులో మిగిలాయి, నిర్దేశాలు వాటి నుంచి విడిపోయాయి. ఇప్పటి ఆర్‌జీ-6లో గట్టి పాలిథిన్ బదులు బుడగలు నింపిన నురుగు పాలిథిన్ ఉంటుంది. అచ్చు వల్ల మనకు నమ్మకంగా తెలిసేది సుమారు పరిమాణం మాత్రమే. ఆర్‌జీ-59 సన్నది, ఆర్‌జీ-6 మధ్యరకం, ఆర్‌జీ-11 లావుది. మిగతాదంతా తయారీదారు మనస్సాక్షి.

మన ఇళ్లలో టీవీ ఈ వైరుతో మొదలు కాలేదు. హైదరాబాద్ దూరదర్శన్ 1977లో ప్రారంభమయ్యాక డాబాల మీద అల్యూమినియం యాంటెన్నాలు లేచాయి. వాటి నుంచి కిందికి దిగింది చాలాచోట్ల బద్దలాంటి జంట తీగ. అది 300 ఓమ్‌లది, చవకైనది, టీవీ వెనుక రెండు మరలకు బిగిస్తే చాలు. అయితే దానికి లోహపు కవచం లేదు. వాన పడి తడిసినా, ఇనుప పైపును ఆనుకుని సాగినా బొమ్మ చెడేది. పిట్టగోడ మీదికెక్కి యాంటెన్నా తిప్పే వారిని ‘వచ్చిందా’ అని అడిగించింది గాలి ఒక్కటే కాదు, ఆ తీగ కూడా. కోయాక్సియల్ వైరు వచ్చాక, 300ను 75కు మార్చే చిన్న ప్లాస్టిక్ డబ్బీ టీవీ వెనుక వేలాడింది.

ఊరూరా ఈ వైరు పరుచుకున్నది 1990లలో. 1991 గల్ఫ్ యుద్ధం ఉపగ్రహ టీవీ మీద ఆసక్తి పెంచింది. 1995లో ఈటీవీ, జెమిని వచ్చేసరికి కేబుల్ ఆపరేటర్లు కరెంటు స్తంభాల మీదుగా, చెట్ల కొమ్మల మీదుగా వీధులన్నీ అల్లేశారు. కేబుల్ టీవీకి చట్టం వచ్చింది కూడా అదే ఏడాది. మొదట్లో ఛానళ్లు కొద్ది, పౌనఃపున్యాలు తక్కువ కాబట్టి ఇంటికి సన్నని ఆర్‌జీ-59 లాగినా పని జరిగింది. ఛానళ్లు పెరిగేకొద్దీ పై పౌనఃపున్యాలు వాడాల్సి వచ్చింది. పౌనఃపున్యం పెరిగితే కేబుల్‌లో నష్టమూ పెరుగుతుంది. అందుకే ఒకే ఇంట్లో కింది ఛానళ్లు తళతళలాడుతుంటే పై ఛానళ్లలో చుక్కలు పడేవి.

చిట్టచివరి మార్పు డిష్ తెచ్చింది. 2003 తరువాత డీటీహెచ్ సేవలు మొదలయ్యాయి. డిష్ ముందున్న ఎల్‌ఎన్‌బీ అనే పరికరం ఉపగ్రహ సిగ్నల్‌ను 950 నుంచి 2150 మెగాహెర్ట్‌జ్ మధ్యకు దించి కిందికి పంపుతుంది. కేబుల్ టీవీ వాడే పౌనఃపున్యాల కంటే ఇవి చాలా ఎక్కువ. 1000 మెగాహెర్ట్‌జ్ దగ్గర 100 మీటర్లకు ఆర్‌జీ-6లో సుమారు 20 డెసిబెల్స్, ఆర్‌జీ-59లో 26 దాకా నష్టం ఉంటుంది. 2150 దగ్గర ఆర్‌జీ-6లోనే 30 దాటుతుంది. మూడు డెసిబెల్స్ అంటే శక్తి సగం కావడం. డాబా మీది డిష్ నుంచి 30 మీటర్లు దిగే వైరు ఆర్‌జీ-59 అయితే, 1000 మెగాహెర్ట్‌జ్ దగ్గర ఆర్‌జీ-6 అందించేదానిలో సుమారు మూడింట రెండు వంతులే టీవీకి చేరుతుంది. అనలాగ్ రోజుల్లో బలహీనత చుక్కలుగా కనిపించి ముందే హెచ్చరించేది. డిజిటల్‌లో అలా ఉండదు. హద్దు దాటేవరకు బొమ్మ నిక్షేపంగా ఉంటుంది, దాటగానే గళ్లుగళ్లుగా విరిగి ఆగిపోతుంది. వానాకాలంలో మేఘాలు కొంత తింటాయి, నాసిరకం వైరు ఇంకొంత తింటుంది. సన్న జల్లుకే సిగ్నల్ పోయే ఇంట్లో డిష్‌ను తిప్పేముందు వైరును, దాని కొసలను చూడాలి.

ఇక రాగి, ఉక్కు తగాదా. అధిక పౌనఃపున్యాల కరెంటు తీగ పైపొరలోనే పోతుంది. కాబట్టి టీవీ సిగ్నల్ వరకు ఉక్కు మీద రాగి పూత చాలు, అది మోసం కాదు. డిష్ విషయంలో ఇంకో పని ఉంది. ఎల్‌ఎన్‌బీకి కావలసిన 13 లేదా 18 వోల్టుల కరెంటు ఇదే వైరులో పైకి వెళుతుంది, ఆ కరెంటు తీగ మొత్తాన్నీ వాడుకుంటుంది. రాగి పూత ఉక్కు తీగ నిరోధం అచ్చమైన రాగి కంటే నాలుగు రెట్లకు పైనే. 20 మీటర్లకు అది పెద్ద లెక్క కాదు. నాలుగంతస్తుల భవనంలో 60 మీటర్లు లాగితేనో, ఒకే వైరుతో ఎక్కువ కరెంటు లాగే పరికరాన్ని నడిపితేనో రాగి తీగకే డబ్బు పెట్టాలి. కొనేటప్పుడు చిన్న అయస్కాంతం పెడితే తేలిపోతుంది. ఉక్కు అయితే అతుక్కుంటుంది.

ఆడియో విషయానికొస్తే నేపథ్యం మళ్లీ వేరు. ఎరుపు, తెలుపు, పసుపు పిన్నులకు ఆర్‌సీఏ అనే పేరు అమెరికన్ రేడియో కంపెనీ నుంచి వచ్చింది. గ్రామఫోన్‌ను రేడియోకు కలపడానికి వాడిన పిన్ను అది. పసుపు పిన్నులో పోయే వీడియోకు 75 ఓమ్ కేబుల్ నియమం. 1980లలో సోనీ, ఫిలిప్స్ కలిసి తెచ్చిన డిజిటల్ ఆడియో లైను కూడా అదే 75 ఓమ్‌లు, అదే పిన్ను. సీడీ ధ్వని అందులో సెకనుకు సుమారు 28 లక్షల బిట్లుగా పోతుంది. టీవీ సిగ్నల్‌తో పోలిస్తే ఇది నిదానమైన ప్రయాణం. కాబట్టి సెట్‌టాప్ బాక్సు నుంచి యాంప్లిఫయర్‌కు మీటరున్నర దూరంలో పసుపు వీడియో వైరు పూర్తిగా సరిపోతుంది. బంగారు పూత, వేల రూపాయల ధర అక్కడ బిట్లను మార్చలేవు. ఈ మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఆ ధరకు మంచి స్పీకరే వస్తుంది.

సబ్‌వూఫర్, అంటే లోతైన ధ్వనుల కోసం పెట్టే స్పీకర్, తీగకు కావలసింది ఇంకొకటి. అక్కడ శత్రువు గోడలోని 50 హెర్ట్‌జ్ కరెంటు వల్ల వచ్చే గుయ్‌మనే రొద. టీవీ వైరులోని పలుచని అల్యూమినియం రేకు పై పౌనఃపున్యాలను బాగా ఆపుతుంది కాని, ఈ తక్కువ పౌనఃపున్యం దగ్గర ఒత్తైన రాగి అల్లికే పనిచేస్తుంది. అందుకే మూలకు నెట్టిన పాత ఆర్‌జీ-59, రాగి అల్లికతో ఉంటే, సబ్‌వూఫర్‌కు చవక ఆర్‌జీ-6 కంటే మేలు.

డిష్ వైరుకు వాడే మర పిన్నును ఎఫ్ కనెక్టర్ అంటారు, 1950లలో అమెరికన్ కేబుల్ టీవీ కోసం పుట్టింది. దానికి ప్రత్యేకంగా సూది ఉండదు, కేబుల్ నడిమి తీగే సూది. సన్నని ఆర్‌జీ-59 కొస ఆర్‌జీ-6 కోసం చేసిన సాకెట్‌లో వదులుగా ఆడుతుంది. చేత్తో తిప్పి బిగించే రకం కంటే పనిముట్టుతో నొక్కి బిగించే రకం బయట వానకు నిలుస్తుంది. డాబా మీద నల్లటి తొడుగు వైరు వాడాలి, ఎండకు తెల్లది త్వరగా పగులుతుంది. ఇంట్లోకి దిగే చోట కిందికి ఒక వంపు వదిలితే నీరు తీగ వెంట గోడలోకి రాకుండా అక్కడే కారిపోతుంది. కొత్త ఇల్లు కడుతున్నవారు పైపులో ఆర్‌జీ-6 పక్కనే ఇంకో లైనుకు చోటు వదిలి, మలుపులను ఏడు సెంటీమీటర్ల వ్యాసార్ధానికి తగ్గకుండా వంచమని మేస్త్రీకి ముందే చెప్పాలి. నురుగు పొర ఒకసారి నలిగితే మళ్లీ సరికాదు.