వాకిట్లో పరుచుకునే మొక్కల గురించి

మనుమడికి, మనుమరాలికి తాత ఆశీస్సులు.

హన్మకొండలో కొత్త ఇంటి చుట్టూ లాన్ వేయాలని మీకు ఆశగా ఉందని అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం. మట్టి బోసిగా ఉంటే వానకు కోసుకుపోతుంది, వయ్యారిభామ మొలుస్తుంది. కప్పాల్సిందే. కానీ ఇంటి చుట్టూ ఒకే మొక్క వేయకండి బిడ్డా, మీ ఇంట్లో ఒక్కో పక్క ఒక్కో తీరుగా ఉంది.

గేటు ముందర ఇల్లు కట్టేటప్పుడు పోసిన మొరం, దానిమీద పడమటి ఎండ. మే నెలలో మన దగ్గర 44 డిగ్రీల ఎండ కూడా కాస్తుంది. అక్కడ నాచుపూల మొక్క పెట్టండి. ఆకుల్లో, కాడల్లో నీళ్లు దాచుకుంటుంది, ఎండ తగిలితేనే పువ్వు విచ్చుకుంటుంది. గంగవాయిలి కూర దాని చుట్టమే, అదీ అక్కడ బతుకుతుంది, పప్పులోకి పనికొస్తుంది. అయితే రెండూ తొక్కితే నలిగిపోతాయి. మీరు క్రికెట్ ఆడే చోట గరికే నయం. ఎండకు మాడినట్టు కనిపించినా మట్టిలో కాడలు బతికే ఉంటాయి, వాన పడగానే చిగురిస్తాయి.

వేపచెట్టు కింద మాత్రం గరిక పలచబడి పోతుంది. మనీప్లాంట్ నీడలో బాగా పాకుతుంది కానీ ఆకు నమిలితే నోరు మండుతుంది. చెల్లి ఇప్పుడిప్పుడే పాకుతోంది కాబట్టి వద్దు. కొమ్మల మధ్య కాస్త వెలుతురు పడే చోట వాము ఆకు వేయండి. బోరు పక్క తడిలో పొన్నగంటి, సరస్వతి ఆకు చక్కగా అల్లుకుంటాయి. గిన్నెలు కడిగిన సబ్బు నీళ్లు పారే చోటి ఆకు మాత్రం కూరకు కోయకండి.

నర్సరీలో పసుపు పూల వెడీలియా చూపిస్తారు, తెచ్చుకోకండి. ప్రతి కణుపు దగ్గరా వేరు పెట్టి పక్క మొక్కల్ని కమ్మేస్తుంది. ప్రపంచంలో మరీ చేటు చేసే 100 పరాయి జాతుల జాబితాలో దాని పేరుంది.

మొక్క కొనేముందు ప్రతి పక్కా జానెడు గుంత తవ్వి నీళ్లు పోయండి. చెల్క (ఎర్ర ఇసుక నేల), మొరం అయితే తొందరగా ఇంకుతాయి. రేగడి అయితే నిలుస్తాయి, అక్కడ నాచుపూల వేరు కుళ్లుతుంది.

నాటడం మిరుగం కార్తెలో, అంటే జూన్‌లో, నేల బాగా తడిశాక. అంతకంటే ముందే తుంగను గడ్డలతో సహా తీసేయాలి. పైన పీకితే సరిపోదు, గడ్డ మిగిలితే మళ్లీ మీ మొక్కల మధ్యలోంచే లేస్తుంది. గడ్డపార నాన్నకివ్వండి, గడ్డలు ఏరడం మీ ఇద్దరి పని.

మీ తాత