హెల్మెట్ ఉంది కదా అని రిగ్గు కింద నిలబడొద్దు: అపోహలు – వాస్తవాలు

కడప చుట్టుపక్కల నుంచి గల్ఫ్‌లో చమురు బావులు తవ్వే రిగ్గుల మీదికి పోయే పిల్లలకు సేఫ్టీ క్లాసులు చెప్తుంటాను. ఏ బ్యాచ్ వచ్చినా ఇదే మాట: "హెల్మెట్ ఉంది కదా సార్, ఏమైతాది?"

ప్రాణాల మీదికి తెచ్చేది ఈ ధీమానే. యూరప్ ప్రమాణం ఈఎన్ 397లో హెల్మెట్ మీద 5 కిలోల బరువును 1 మీటరు ఎత్తు నుంచి వదిలి చూస్తారు. రిగ్గు మీది ఇనుప టవరును డెరిక్ అంటారు. దాని పైన పనిచేసే డెరిక్‌మ్యాన్ నిలబడే అరుగు, అంటే మంకీ బోర్డు, పెద్ద రిగ్గుల్లో దాదాపు 25 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అక్కడ నుంచి కిలో స్పానర్ జారిందంటే ఆ పరీక్షకు అయిదింతల దెబ్బ. గంటకు 80 కిలోమీటర్ల వేగం. కిందికి చేరడానికి రెండు సెకన్లు చాలు. కేక విని తలెత్తి చూస్తే దెబ్బ ముఖానికే.

హెల్మెట్ తప్పకుండా పెట్టుకోవాల్సిందే, కానీ అది ఆఖరి అడ్డు. పైన పని జరిగేటప్పుడు కింద మనిషి ఉండకూడదు. పైకి పోయే ప్రతి పనిముట్టుకూ ల్యాన్‌యార్డ్ (చేయి జారినా కింద పడకుండా పట్టే తాడు) కట్టాలి. పైన ఎవరూ లేకపోయినా నమ్మొద్దు, రిగ్గు అదురుకు బోల్టులు వాటంతటవే వదులవుతాయి.

పడేది నిట్టనిలువుగా పడుతుందన్నదీ తప్పే. నేను ఎడారిలో పనిచేసేటప్పుడు పైనుంచి ఒక షాకిల్ పిన్ (బరువులు తగిలించే ఇనుప లంకెకు వేసే చీల) ఊడి, డెరిక్ కమ్మీకి కొట్టుకుని పక్కకు ఎగిరింది. బారికేడ్ అవతల నీళ్లు తాగుతున్న రాయచోటి పిల్లోని భుజం మీద పడింది. హెల్మెట్ మీద గీత లేదు, కాలర్ బోన్ మాత్రం రెండు ముక్కలు.

దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగున్నా పారేయండి.

మన బోరు బండ్లకు ఇవన్నీ ఎందుకంటారా? నీళ్లు పడతాయేమోనని ఇంటిల్లిపాదీ మాస్టు (బండి మీద నిలబెట్టే స్తంభం) కిందే నిలబడతారు. ఆ ఆత్రం నాకు తెలుసు. అయినా మాస్టు ఎత్తుకన్నా ఎక్కువ దూరంలోనే ఉండండి, పిల్లల్ని అసలు రానీయొద్దు.

"కొడుకును పంపాలంటే భయమైతాంది సార్" అనే తల్లులకు నేను పోవద్దని చెప్పను. ప్రమాదం కనిపిస్తే పని ఆపమనే అధికారాన్ని చాలా కంపెనీలు కొత్త కూలీకి కూడా రాతపూర్వకంగా ఇస్తాయి. అది వాడుకోమని మీ అబ్బాయికి మీరే చెప్పండమ్మా.

ఇంకొకటి. తలకు దెబ్బ తగిలినోడు లేచి బాగానే మాట్లాడుతున్నాడంటే గండం గడిచినట్టు కాదు. పుర్రె లోపల రక్తం మెల్లగా చేరి, గంటల తర్వాత పడిపోవచ్చు. వాంతులు, మత్తు, పెరుగుతున్న తలనొప్పి కనిపిస్తే 'కాసేపు పండుకోనీ' అనొద్దు, సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి వెంటనే తీసుకుపోండి.