తుమ్మలపల్లె డ్రమ్ము మీద 4 బెక్వెరెల్స్: ఆ హద్దు ఎక్కడిది?

కడప జిల్లా వేముల మండలం తుమ్మలపల్లె యురేనియం మిల్లులో తయారైన ఎల్లోకేక్ (ఖనిజం నుంచి తీసిన పసుపు రంగు యురేనియం పొడి) డ్రమ్ముల్లో హైదరాబాద్ న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌కు వెళ్తుంది. డ్రమ్ముకు బయట అంటుకుని, తుడిస్తే ఊడొచ్చే రేడియోధార్మికత చదరపు సెంటీమీటరుకు 4 బెక్వెరెల్స్ దాటకూడదు. సెకనుకు ఒక పరమాణువు క్షయిస్తే అది ఒక బెక్వెరెల్. అణు రియాక్టర్లలో వాడేసిన ఇంధనాన్ని మోసే భారీ ఉక్కు క్యాస్కులకు (రవాణా పాత్రలకు) కూడా బీటా, గామా కిరణాలు వెలువరించే పదార్థాల విషయంలో ఇదే హద్దు. ఆల్ఫా కణాలు వెలువరించే ప్లుటోనియంలాంటి పదార్థాలకైతే 0.4. సహజ యురేనియం తక్కువ విషతుల్యత ఉన్న ఆల్ఫా వర్గంలోకి వస్తుంది కాబట్టి దానికి 4 వర్తిస్తుంది.

దీని మూలం 1961లో ఉంది. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ తొలి రవాణా నిబంధనల కాలంలో బ్రిటన్‌కు చెందిన ఫెయిర్‌బైర్న్ ఒక లెక్క వేశారు. పైపొర మీది ధూళి గాలిలోకి లేచి, పనివాళ్లు దాన్ని పీలిస్తే ఎంత హాని? అప్పటికి ఎదురయ్యే వాటిలో అతి ప్రమాదకరమైనవిగా ఆల్ఫాలో ప్లుటోనియం-239, రేడియం-226లను, బీటాలో స్ట్రాన్షియం-90ని తీసుకున్నారు. బీటాకు చదరపు సెంటీమీటరుకు, పాత కొలమానమైన మైక్రోక్యూరీలో పదివేలో వంతు వచ్చింది. అది 3.7 బెక్వెరెల్స్, కొలమానం మారినప్పుడు 4 చేశారు. అంటే సీజియంకైనా కోబాల్టుకైనా స్ట్రాన్షియం కొలబద్దే. ఈ అతి జాగ్రత్త మంచిదే. కానీ 4 దాటగానే జనానికి ముప్పు అనుకుంటే లెక్క తప్పుతుంది.

1998 మే నెలలో అదే జరిగింది. ఫ్రాన్స్, జర్మనీల మధ్య నడిచిన క్యాస్కులు, వ్యాగన్ల మీద హద్దుకు మించిన కాలుష్యం బయటపడింది. జర్మనీ పర్యావరణ మంత్రిగా ఉన్న ఆంగెలా మెర్కెల్ రవాణా ఆపించారు. 2001లో గానీ మళ్లీ మొదలు కాలేదు. క్యాస్కును నీటి కొలనులో ముంచి ఇంధనం నింపుతారు. ఆ నీళ్లలోని సీజియం-137 ఉక్కు, పెయింటు సన్నరంధ్రాల్లోకి ఇంకుతుంది. బయల్దేరేముందు తుడిచి చూస్తే శుభ్రంగానే ఉంటుంది. దారిలో తేమ, వేడి మారేసరికి బయటికి ఊరుతుంది. కార్మికులకు చేరిన మోతాదు స్వల్పమేనని తేలినా, అణు కంపెనీలు ముందే తెలిసి చెప్పలేదన్న కోపం న్యాయమైనదే. తర్వాత పరిశోధనలు జరిగాయి, అంకె మాత్రం మారలేదు.

తుమ్మలపల్లె డ్రమ్ముకు కొలను బెడద లేదు. నింపేటప్పుడు లేచే పొడితోనే పేచీ. అది మూత అంచులో, బిగింపు రింగు కింద, అడుగు మడతలో చేరుతుంది. ఫిల్టర్ కాగితంతో 300 చదరపు సెంటీమీటర్లు తుడుస్తారు. కాగితానికి పదో వంతే అంటుకుందని లెక్క. హద్దు దగ్గర ఆ ప్రాంతంలో 1,200 బెక్వెరెల్స్ ఉంటాయి, కాగితం మీదికి 120 వస్తాయి. కాగితం తడిగా ఉన్నా, ఎర్రమట్టి మందంగా అంటినా ఆల్ఫా అందులోనే ఆగిపోతుంది, రీడింగు తక్కువ చూపిస్తుంది. గాలిలోని రేడాన్ వాయువు క్షయించి పుట్టే పదార్థాలు (రేడాన్ సంతతి) అంటితే ఉత్తినే ఎక్కువ చూపిస్తుంది. కొన్ని గంటలాగి మళ్లీ లెక్కిస్తే అది తగ్గిపోతుంది, యురేనియం తగ్గదు.

నునుపైన పక్క గోడను మాత్రమే తుడిచి ‘హద్దులోపలే’ అని రాస్తే ఆ కాగితానికి విలువ లేదు. ఎక్కడ తుడిచారో కూడా రాయాలి. డ్రమ్ములు దించాక లారీ తొట్టికీ ఇదే పరీక్ష; ఊడిరాని కాలుష్యం వల్ల ఉపరితలం దగ్గర రేడియేషన్ మోతాదు గంటకు 5 మైక్రోసీవర్టులు దాటితే ఆ లారీని శుభ్రం చేసే దాకా మళ్లీ వాడకూడదు.