కానుకల సంచి ఆయన చేతికెందుకు?

పర్లాకిమిడి

సండే స్కూలు పిల్లలకు వందనాలు.

"సంతలో దొంగతూకం తూచినాయన చేతికి చర్చిలో కానుకలు పట్టే సంచి ఎందుకిచ్చారు తాతయ్యా?" అని అడిగారు కదా. అడగాల్సిన ప్రశ్నే. సంఘంలో పెద్దవాళ్లు కూడా అదే గొణుక్కున్నారు, పైకి అనలేదంతే.

ఆయన చేసింది ఆయనే దాచలేదు, నేనెందుకు దాచాలి? కొండమీంచి సవర గిరిజనులు జీడిపిక్కలు, చింతపండు దింపితే, తక్కెడలో రాళ్లు వేసే పళ్లెం అడుగున ఇంత చింతపండు ముద్ద అంటించి తూచేవాడు. కిలోకి డబ్బిచ్చి కిలో పైచిలుకు గోనెలో పోసుకునేవాడు. ఆ ముద్ద కూడా వాళ్లు తెచ్చిన చింతపండే!

ఇప్పుడు బైబిల్లో లూకా 19 తీయండి. జక్కయ్య యెరికోలో సుంకపు గుత్తదారు, అంటే పన్నులు వసూలుచేసేవాడు. యేసయ్యని చూడాలని అతను మేడిచెట్టు ఎక్కిన కథ మీకందరికీ వచ్చు, యాక్షన్ సాంగులో ఎగురుతారు కూడా. నేను చూడమనేది ఏది ముందు, ఏది వెనక అన్నది. "ఈ రోజు నీ ఇంట్లో ఉంటాను" అని యేసయ్య పిలిచేసరికి జక్కయ్య ఎవరికీ పైసా తిరిగివ్వలేదు, ఇస్తానని నోరైనా తెరవలేదు. పిలుపు విన్నాకే, ఆస్తిలో సగం బీదలకు, అన్యాయంగా లాక్కున్నదానికి నాలుగంతలు అన్నాడు. సంఖ్యాకాండం 5 ప్రకారం తప్పు ఒప్పుకున్నవాడు అసలుకి అయిదోవంతు కలిపి ఇవ్వాలి. అంటే నూరుకి నూట ఇరవై. జక్కయ్య నాలుగు వందలన్నాడు! శిక్షకి భయపడి ఇచ్చేవాడైతే నూట ఇరవై దగ్గరే ఆగేవాడు.

అందరూ ఒక్కరోజులో అలా మారరు. జాన్ న్యూటన్ అనే ఇంగ్లీషు నావికుడు 1748లో తుపానులో చిక్కి దేవుడికి మొరపెట్టాడు. ఆ తర్వాత కూడా 1754 దాకా బానిసల ఓడల మీదే బతికాడు. ఆ వ్యాపారం ఘోరమని అచ్చువేసి చెప్పింది 1788లో. అన్నేళ్లా అంటే, నాకూ కోపమే.

మన సంచి సంగతి: అది ఎవరు పట్టినా డబ్బు లెక్క ముగ్గురు పెద్దలు కూర్చుని చూస్తారు. నమ్మకం ఉన్నచోట లెక్క ఉండకూడదని ఎక్కడా లేదు.

సంచి పట్టే ఆయన ఇప్పుడు పాత చిట్టా పట్టుకుని, లాక్కున్న డబ్బు తిరిగిస్తూ సెరంగో వైపు ఊళ్లు తిరుగుతున్నాడు. ఒక ఊళ్లో పెద్దావిడ డబ్బు తీసుకుంది కానీ మొహం తిప్పుకుంది. అది ఆవిడ ఇష్టం. క్షమించమని ఆవిణ్ణి అడిగే హక్కు మనకి లేదు. జీడి కోతలయ్యాక మళ్లీ వెళ్తానంటున్నాడు. మీలో పెద్దపిల్లలెవరైనా తోడు వెళ్తామంటే, ఇంట్లో అడిగి నాకు చెప్పండి.

మీ తాతయ్య