కాలిన అడవి: కొట్టేసే ముందు ఒక్క వర్షాకాలం ఆగండి

కార్చిచ్చు ఆరీ ఆరకముందే నాకు ఫోన్లు మొదలవుతాయి. "సార్, అంతా బూడిదైపోయింది. నల్లబడ్డ చెట్లు కొట్టించి, నేల దున్నించి, మొక్కలు పెట్టేద్దామా?" ఆ గొంతులో బాధ నాకు తెలుసు. రోజూ చూసే చెట్లు బొగ్గులై నిలబడితే ఎవరికైనా కడుపు తరుక్కుపోతుంది. టెన్షన్ పడకండి, ఒక్క వర్షాకాలం ఆగండి అంటాను.

అపోహ: కాలిన చెట్టు చచ్చినట్టే, వెంటనే తీసేసి కొత్తది నాటాలి.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఇదే. బెరడు నలుపు చూసి చెట్టు పని అయిపోయిందని తేల్చకూడదు. బెరడు కింద కేంబియం, అంటే చెట్టును పెంచే సన్నటి సజీవ పొర, బతికుందా లేదా అన్నది చూడాలి. మొదలు దగ్గర నాలుగు వైపులా చాకుతో చిన్న గాటు పెట్టండి. లోపల తడిగా, లేతగా ఉంటే ప్రాణం ఉంది. ఎండి గోధుమరంగుకు తిరిగితే ఆ వైపు పోయింది. కాండం మొత్తం పోయినా వేరు నుంచి పిలకలు వేసే జాతులు ఎన్నో. మట్టి వేడిని తొందరగా కిందికి పోనివ్వదు కాబట్టి, పెద్ద దుంగలు గంటల తరబడి కాలిన చోట తప్ప, కాస్త లోతులో ఉన్న వేర్లు, విత్తనాలు చాలాసార్లు క్షేమంగానే ఉంటాయి.

1988లో అమెరికాలోని యెల్లోస్టోన్ నేషనల్ పార్కులో మూడో వంతుకు పైగా మంటల పాలైంది. అక్కడి లాడ్జ్‌పోల్ పైన్ అనే చెట్టు కాయల్లో చాలావాటిని జిగురు మూసి ఉంచుతుంది. వేడికి అది కరిగి విత్తనాలు రాలాయి, ఎవరూ నాటకుండానే పిల్ల చెట్లు లేచాయి. దీనికి భిన్నంగా, అమెరికాలోనే ఒరెగాన్ రాష్ట్రంలో, 2002లో బిస్కట్ ఫైర్ అనే కార్చిచ్చు తర్వాత కాలిన చెట్లు కొట్టి లాగిన చోట్ల సహజంగా వచ్చిన మొలకలు 71 శాతం తగ్గాయని 2006లో లెక్క తేలింది.

ఒకచోట నేను వెళ్లేసరికే యంత్రాలు తిరిగేశాయి. చక్రాల గాడిలో వేలెడంత పిలక నలిగి పడుంది, ఎర్రటి చిగురు, దానికంటిన బూడిద. పక్కనే, యంత్రం ఎక్కలేని రాళ్ల మధ్య, అదే జాతి మోడుకి ఏడు పిలకలు. కూర్చుని లెక్కపెట్టాను. ఇప్పటికీ ఆ గాడి నా కళ్లముందే ఉంది.

అపోహ: ఎండు మోడులు దండగ.

వడ్రంగి పిట్టలకు అవే ఇళ్లు. మొలకలకు నీడ, కూలాక మట్టి కొట్టుకుపోకుండా అడ్డు. దారి మీదికి ఒరిగినవి మాత్రం తీసేయండి.

అపోహ: అయితే మంట అడవికి మంచిదే.

ఈ మాట విన్నప్పుడల్లా కోపం వస్తుంది. పలుచటి బెరడుండే వానాడవుల చెట్లు చిన్న మంటకే పోతాయి. పైన్ అడవి కూడా, పిల్ల చెట్లు సరిపడా కాయలు పట్టకముందే మళ్లీ కాలితే, రాల్చడానికి విత్తనమే ఉండదు. అలాంటి చోట, చుట్టుపక్కల విత్తనమిచ్చే చెట్టు లేనప్పుడు, నాటాల్సిందే. అదీ వానలు పడ్డాక ఒకసారి నడిచి, ఎక్కడ పిలక లేదో గుర్తు పెట్టుకుని, ఆ ఖాళీల్లోనే, అక్కడి జాతుల మొక్కలే.