తైమిర్ జిల్లా: మ్యాపు, జనాభా లెక్కల చుట్టూ అల్లుకున్న అపోహలు

రష్యాలో క్రాస్నోయార్స్క్ క్రాయ్‌కి (క్రాయ్ అంటే మన రాష్ట్రంలాంటి పాలనా విభాగం) ఉత్తరపు కొసన, ఆర్కిటిక్ సముద్రాన్ని ఆనుకుని ఉన్న జిల్లా తైమిర్. పూర్తి పేరు తైమిర్ డోల్గానో-నెనెట్స్ జిల్లా. ముఖ్య పట్టణం యెనిసేయ్ నది ఒడ్డున ఉన్న దుదింకా. విస్తీర్ణం దాదాపు 8.8 లక్షల చదరపు కిలోమీటర్లు, అంటే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కలిపినా దానికి మూడో వంతు కూడా రావు. 2010 జనగణన ప్రకారం జనాభా 34,432. మన దగ్గర ఒక మోస్తరు మండలంలో ఇంతకంటే ఎక్కువ మందే ఉంటారు.

ఈ రెండు అంకెలూ సరైనవే. వాటిని పట్టుకుని వేసే లెక్కలే తప్పుతున్నాయి. పటాలతో, జనగణన పట్టికలతో పనిచేసేవాళ్లకు పదే పదే ఎదురయ్యే పొరపాట్లు కొన్ని ఇక్కడ రాస్తున్నాం. చాలావాటికి మూలం ఒక్కటే: అంకె చూస్తారు గానీ, అది ఏ సరిహద్దుల లోపలి అంకో చూడరు.

అపోహ: తైమిర్ జిల్లా అంటే తైమిర్ ద్వీపకల్పమే.

వాస్తవం: ద్వీపకల్పం ప్రకృతి గీసినది, జిల్లా ప్రభుత్వం గీసినది. పడమట యెనిసేయ్ సింధుశాఖ, తూర్పున ఖతాంగా సింధుశాఖ, ఈ రెంటి మధ్య ఉత్తరానికి పొడుచుకొచ్చిన నేల ద్వీపకల్పం. దాని విస్తీర్ణం సుమారు 4 లక్షల చదరపు కిలోమీటర్లు. జిల్లా అంతకు రెట్టింపు. దక్షిణాన పుతొరానా పీఠభూమిలోకి, పడమట యెనిసేయ్ అవతలి గట్టుకి, ఉత్తరాన సముద్రంలోని దీవులకీ జిల్లా విస్తరించింది. సెవెర్నయా జెమ్ల్యా ద్వీపసమూహం కూడా ఈ జిల్లాలోదే. 1913 దాకా ఆ దీవులు ఉన్నట్టే ఎవరికీ తెలియదు. వాటిని పూర్తిగా సర్వే చేసి పటం గీసింది 1930-32 మధ్య. దాదాపు 37 వేల చదరపు కిలోమీటర్ల ఆ నేల మీద స్థిర నివాసులు లేరు, కానీ జిల్లా జనసాంద్రత లెక్కలో అదీ కలుస్తుంది.

యూరప్, ఆసియా ఖండాల ప్రధాన భూభాగానికి ఉత్తరపు చివర అయిన చెల్యూస్కిన్ అగ్రం (77°43′) ద్వీపకల్పం కొసన ఉంది. అక్కణ్నుంచి ఉత్తర ధ్రువం ఇంకా సుమారు 1,370 కిలోమీటర్లు.

అపోహ: నొరీల్స్క్ తైమిర్ జిల్లాలో పెద్ద నగరం.

వాస్తవం: ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. పటంలో చూస్తే నొరీల్స్క్ చుట్టూ తైమిర్ నేలే. పాలనలో మాత్రం అది జిల్లాలో భాగం కాదు, నేరుగా క్రాయ్ కింద ఉంటుంది. ఇది కొత్తగా వచ్చిన ఏర్పాటు కూడా కాదు. 1930 డిసెంబరు 10న తైమిర్ జాతీయ ఓక్రుగ్ (స్థానిక తెగల పేరిట గీసిన పాలనా ప్రాంతం) ఏర్పడింది. 2005 ఏప్రిల్ 17న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణ తర్వాత 2007 జనవరి 1న అది క్రాస్నోయార్స్క్ క్రాయ్‌లో కలిసి జిల్లా అయింది. ఓక్రుగ్‌గా ఉన్న రోజుల్లోనూ నొరీల్స్క్ లెక్క విడిగానే ఉండేది.

తేడా ఎంత వస్తుందో వేసి చూద్దాం. 2010 అంకెలే తీసుకోండి. ముందు జిల్లా ఒక్కటే: 34,432ని 8,79,900తో భాగిస్తే చదరపు కిలోమీటరుకు 0.039. అంటే సుమారు 25 చదరపు కిలోమీటర్లకు ఒక మనిషి. ఇప్పుడు నొరీల్స్క్ జనాభా 1,75,365నీ, దాని పరిధిలోని 4,500 చదరపు కిలోమీటర్లనూ కలపండి. సాంద్రత 0.24కి ఎగబాకుతుంది. విస్తీర్ణం అర శాతం పెరిగితే సాంద్రత ఆరు రెట్లయింది! అందుకే ఎక్కడైనా తైమిర్ జనాభా రెండు లక్షల పైచిలుకు అని కనబడితే నొరీల్స్క్‌ను కలిపారని అర్థం.

ఇంకో మెట్టు దిగి, జిల్లా అంకెలోంచి దుదింకాను తీసేయండి. 2010లో దుదింకాలోనే 22 వేల పైచిలుకు ఉన్నారు. మిగిలేది సుమారు 12 వేలు. ఒక్కొక్కరి వాటాకి 70 చదరపు కిలోమీటర్లకు పైగా నేల వస్తుంది. హైదరాబాద్ జిల్లా విస్తీర్ణం 217 చదరపు కిలోమీటర్లు. ఆ లెక్కన హైదరాబాద్ జిల్లా మొత్తానికి ముగ్గురు మనుషులు.

అపోహ: 2002 నుంచి 2010 లోపు నొరీల్స్క్ జనాభా 40 వేలు పెరిగింది.

వాస్తవం: 2002 పట్టికలో 1,34,832, 2010 పట్టికలో 1,75,365. పక్కపక్కన పెడితే పెరిగినట్టే కనిపిస్తుంది. మధ్యలో జరిగింది వేరు. 2002లో తల్నాఖ్, కయెర్కాన్ వేరే పట్టణాలు. ఒకదాంట్లో 58 వేల పైచిలుకు, ఇంకోదాంట్లో 27 వేల పైచిలుకు జనం. 2005లో రెంటినీ నొరీల్స్క్‌లో కలిపేశారు. మూడూ కూడితే 2002 అంకె 2.2 లక్షలు. కాబట్టి ఆ ఎనిమిదేళ్లలో జనాభా 45 వేల దాకా తగ్గింది. రెండు జనగణనలను పోల్చే ముందు మధ్యలో ఏయే ఊళ్లు కలిశాయో, ఏవి విడిపోయాయో చూసుకోవాలి. మన దగ్గర 2014లో, 2016లో, 2022లో ఎల్లలు మారాక 2011 అంకెలతో కుస్తీ పట్టినవాళ్లకు ఈ బాధ బాగా తెలుసు.

అపోహ: పటంలో చూస్తే తైమిర్ భారతదేశమంత ఉంది.

వాస్తవం: ఫోనులోనూ గోడ మీదా కనిపించే మెర్కేటర్ పటం ఉత్తరానికి వెళ్లేకొద్దీ నేలను సాగదీస్తుంది. ఎంత సాగుతుందో లెక్క సులువే: ఆ అక్షాంశపు కొసైన్ తీసుకుని, దాని వర్గంతో 1ని భాగించాలి. 73 డిగ్రీల దగ్గర కొసైన్ 0.292, కాబట్టి విస్తీర్ణం 11.7 రెట్లు పెద్దదిగా కనిపిస్తుంది. హైదరాబాద్ ఉన్న 17.4 డిగ్రీల దగ్గర అది 1.1 రెట్లే. చెల్యూస్కిన్ అగ్రం దగ్గర 22 రెట్లు. జిల్లా దక్షిణ కొసకీ ఉత్తర కొసకీ మధ్యే ఇంత తేడా ఉంది గనుక, మొత్తానికి ఒకే సంఖ్యతో భాగించి సరిచేద్దామంటే కుదరదు. సమవిస్తీర్ణ ప్రక్షేపం, అంటే విస్తీర్ణాల నిష్పత్తి చెడకుండా పటం గీసే పద్ధతి, వాడాలి. లాంబర్ట్ అజిముతల్ సమవిస్తీర్ణ ప్రక్షేపం కేంద్రాన్ని 73° ఉత్తరం, 95° తూర్పు దగ్గర పెట్టుకుంటే ఈ జిల్లాకు సరిపోతుంది. దూరాల్లోనూ ఇదే చిక్కు. ఒక డిగ్రీ రేఖాంశం హైదరాబాద్ దగ్గర 106 కిలోమీటర్లు, 73 డిగ్రీల దగ్గర 32.5 కిలోమీటర్లే.

అపోహ: పేరే డోల్గానో-నెనెట్స్ జిల్లా కదా, ఎక్కువమంది వాళ్లే.

వాస్తవం: 2002లో ఓక్రుగ్ జనాభా 39,786. అందులో రష్యన్లు 23,318. డోల్గన్లు 5,517, నెనెట్స్ 3,054, నగనాసాన్లు 766, ఈవెంకీలు 305, ఎనెట్స్ 197. ఈ అయిదు తెగలనూ కలిపినా నాలుగో వంతు మించలేదు. ఉక్రేనియన్లు 2,423 మంది.

వీళ్లందరినీ ఎస్కిమోలు అనెయ్యడం ఇంకో పొరపాటు. తైమిర్ తెగల్లో ఎస్కిమోలు లేరు, మంచు దిమ్మెల ఇళ్లూ లేవు. నెనెట్స్, ఎనెట్స్, నగనాసాన్ భాషలు సమోయెద్ శాఖవి. డోల్గన్ తుర్కీ భాష, యాకూత్‌కు దగ్గరి చుట్టం. ఈవెంకీ తుంగూస్ భాష. అంటే ఒకే జిల్లాలో మూడు వేరు వేరు భాషా కుటుంబాలు. ఇంత చిన్న జనాభాలో ఇంత వైవిధ్యం దొరకడం అరుదు.

టండ్రాలో, అంటే చెట్లు దాదాపు లేని ఆర్కిటిక్ మైదానంలో, రెయిన్‌డీర్ మందల వెంట తిరిగే కుటుంబాల ఇల్లు బలోక్. చూడ్డానికి స్లెడ్జి మీద పెట్టిన చిన్న గది. సన్నటి కర్రలతో చట్రం కట్టి, లోపలి వైపు నూలు గుడ్డ, బయటి వైపు రెయిన్‌డీర్ తోళ్లు, వాటి మీద టార్పాలిన్ కప్పుతారు. లోపల చిన్న ఇనప పొయ్యి, పక్కకి ఓ కిటికీ. మజిలీ మారినప్పుడు దేన్నీ విప్పక్కర్లేదు, రెయిన్‌డీర్లను కట్టి ఇంటిని ఇల్లుగానే లాక్కెళతారు.

అపోహ: జనాభా తగ్గిందంటే ఆదివాసులు అంతరించిపోతున్నారని.

వాస్తవం: 1989లో ఓక్రుగ్ జనాభా 55,803, 2002లో 39,786. పదమూడేళ్లలో 16 వేలు పోయారు. ఎవరు పోయారో విడదీసి చూడండి. రష్యన్లు 37,438 నుంచి 23,318కి తగ్గారు. డోల్గన్లు 4,939 నుంచి 5,517కి, నెనెట్స్ 2,446 నుంచి 3,054కి పెరిగారు. సోవియట్ రోజుల్లో రెట్టింపు జీతాలకు వచ్చినవాళ్లు, ఆ రాయితీలు ఆగాక తిరిగి వెళ్లిపోయారు. కారా సముద్రపు ఒడ్డున ఉన్న దిక్సన్‌లో ఇది కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది: 1989లో 4,449 మంది, 2002లో 1,198, 2010లో 676.

నిజంగా దిగులు పడాల్సింది భాషల గురించి. 2010లో రష్యా మొత్తం మీద నగనాసాన్లు 862 మంది ఉంటే, తమ భాష వచ్చని చెప్పినవాళ్లు 125 మందే. ఎనెట్స్ 227 మందిలో భాష వచ్చినవాళ్లు యాభై లోపు. మనుషులుండగానే మాట పోతోంది. జనాభా పట్టికలో తెగ కాలమ్ ఒక్కటే చూసేవాళ్లకు ఇది అందదు, భాష కాలమ్ కూడా తెరవాలి.

అపోహ: జనగణన అంటే అందరినీ ఒకే వారంలో లెక్కపెడతారు.

వాస్తవం: 2010 జనగణనకు ప్రామాణిక తేదీ అక్టోబరు 14. మారుమూల ప్రాంతాలకు మాత్రం ఏప్రిల్ 1 నుంచి డిసెంబరు 20 దాకా గడువిచ్చారు. ఎందుకంటే అక్టోబరులో నదులు సగం గడ్డకట్టి ఉంటాయి. పడవ నడవదు, మంచు మీద బండీ నడవదు. ఏప్రిల్‌లో నేల ఇంకా గట్టిగా ఉంటుంది, వెలుతురు వచ్చేస్తుంది, మందలు ఎక్కడున్నాయో తెలుస్తుంది. మిగతా చోట్లకు హెలికాప్టరే దిక్కు. ఇంకో మెలిక ఉంది: టండ్రా కుటుంబాలకు కాగితాల మీది చిరునామా ఊళ్లో ఉంటుంది, మనుషులు ఏడాదిలో చాలాకాలం బయట ఉంటారు. ఊరి జనాభా అని రాసిన అంకెను ఆ ఊళ్లో ఇవాళ పొయ్యి వెలిగించేవాళ్ల సంఖ్యగా చదవకూడదు.

అపోహ: అంత చలి ప్రదేశంలో వరదలేం వస్తాయి?

వాస్తవం: దుదింకా రేవు ఏటా మునుగుతుంది. మన గోదావరికి వరద వానల వల్ల వస్తుంది, యెనిసేయ్‌కి ఎండ వల్ల వస్తుంది. ఆ నది దక్షిణం నుంచి ఉత్తరానికి పారుతుంది. ఎగువన వసంతం ముందొస్తుంది, మంచు కరిగి నీళ్లు కిందికి దిగుతాయి. అప్పటికి దిగువన నది ఇంకా గడ్డకట్టే ఉంటుంది. వచ్చిన నీళ్లు ఆ గడ్డను పగలగొట్టి, పెళ్లలు పెళ్లలుగా ఒకదాని మీద ఒకటి ఎక్కించి, నదికి అడ్డుకట్ట వేసేస్తాయి. నీటిమట్టం పది మీటర్లకు మించి పెరిగిన సంవత్సరాలున్నాయి. అందుకే మే నెలలోనే రేవులోని క్రేన్లను, సామగ్రిని ఎత్తు మీదికి తరలిస్తారు. వరద తీశాక బురద, మంచు పెళ్లలు తొలగించి మళ్లీ అన్నీ దింపుతారు. మూర్మాన్స్క్-దుదింకా నౌకా మార్గం 1970ల చివరి నుంచి ఏడాది పొడవునా నడుస్తున్నదే. నది లోతు తక్కువ కాబట్టి దాని కోసమే తైమిర్, వైగాచ్ అనే అణు ఐస్‌బ్రేకర్లను (మంచును పగలగొట్టుకుంటూ పోయే ఓడలను) కట్టారు. ఆగేది ఈ కొద్ది వారాలే.

అపోహ: టండ్రా నిండా బురద, చెరువులు. కాబట్టి వానలు బాగా పడతాయి.

వాస్తవం: జిల్లా తూర్పున ఉన్న ఖతాంగా ఊళ్లో వాన, మంచు కలిపి ఏడాదికి 300 మిల్లీమీటర్ల లోపే. కరువు సీమ అనుకునే అనంతపురానికే అంతకంటే ఎక్కువ పడుతుంది. ఇక్కడ పడిన చుక్కకు పోవడానికి దారి లేదు. కింద శాశ్వత ఘనీభవన నేల (ఏళ్ల తరబడి గడ్డకట్టే ఉండే పొర) ఇంకనివ్వదు, పైన చలి ఆవిరి కానివ్వదు. దోమలకు ఇంకేం కావాలి! తైమిర్ సరస్సు విస్తీర్ణం 4,500 చదరపు కిలోమీటర్ల పైనే అని రాస్తారు, అది నీళ్లు నిండుగా ఉన్నప్పటి మాట. సగటు లోతు మూడు మీటర్లు కూడా లేని ఆ సరస్సు చలికాలంలో కుంచించుకుపోయి చాలా భాగం అడుగుదాకా గడ్డకడుతుంది. చెట్లే ఉండవన్నదీ నిజం కాదు. 72°30′ దగ్గర ఆరీ-మాస్ అనే చోట లార్చ్ అడవి ఉంది. ప్రపంచంలో అన్నింటికంటే ఉత్తరాన ఉన్న అడవుల్లో అదొకటి.

అపోహ: గడ్డకట్టిన నేల బండరాయిలాంటిది, ఏదైనా కట్టొచ్చు.

వాస్తవం: గడ్డకట్టి ఉన్నంతసేపే అది బండ. వేసవిలో పై పొర అర మీటరు నుంచి రెండు మీటర్ల దాకా కరుగుతుంది. అందుకని నేలలోకి రంధ్రం తొలిచి, కాంక్రీటు స్తంభం దింపి, చుట్టూ ఇసుక, నీళ్లు కలిపిన ముద్ద పోసి, అది గడ్డకట్టేదాకా ఆగి, అప్పుడు బరువు ఎక్కిస్తారు. స్తంభాన్ని పట్టి ఉంచేది ఆ గడ్డకట్టిన పట్టే. నేలకూ ఇంటి అడుగుకూ మధ్య గాలి ఆడేలా ఖాళీ వదులుతారు, ఇంటి వేడి కిందికి దిగకుండా. గొట్టాలు నేల మీదుగానే పోతాయి. చెడేది ఎక్కడంటే, ఆ ఖాళీలో మురుగునీళ్లు కారినప్పుడు, గాలి దారులు మూసుకుపోయినప్పుడు. చుట్టూ మంచు పోగుపడినా ప్రమాదమే. మంచు దుప్పటిలా కప్పి నేలను చల్లబడనివ్వదు. 2020 మే 29న నొరీల్స్క్ దగ్గర ఒక ఇంధన ట్యాంకు ఆధారాలు కుంగి, సుమారు 21 వేల టన్నుల డీజిల్ బయటికొచ్చింది.

అపోహ: రైలు మార్గం ఉంది కాబట్టి రష్యాలో ఎక్కణ్నుంచైనా రైలెక్కి వెళ్లొచ్చు.

వాస్తవం: దుదింకా-నొరీల్స్క్-తల్నాఖ్ పట్టాలు దేశంలోని మిగతా రైలు మార్గాలతో ఎక్కడా కలవవు. ప్రయాణికుల బళ్లు 1990లలోనే ఆగిపోయాయి, ఇప్పుడు సరుకే నడుస్తుంది. దక్షిణం నుంచి వచ్చే రోడ్డూ లేదు. వేసవిలో క్రాస్నోయార్స్క్ నుంచి యెనిసేయ్ మీద సుమారు 2,000 కిలోమీటర్ల పడవ ప్రయాణం, మిగతా రోజుల్లో విమానం. జిల్లా తూర్పున ఉన్న ఖతాంగాకు జిల్లా కేంద్రం నుంచి కూడా శాశ్వతమైన రోడ్డు లేదు.